అడగని పాటలు

జూన్ 9

బడి తెరిచారు. లైబ్రరీ తాళాలతో పాటు ఈ ఏడు కంప్యూటర్ గది తాళాలు కూడా నా చేతికే వచ్చాయి. సుభాష్ మాస్టరు చెన్నైలో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నాకేం తెలుసు అన్నాను. పొద్దున తెరిచి సాయంత్రం మూస్తే చాలు అన్నారు.

మూల బల్ల కింద ఒక నల్ల పెట్టె ఉంది. ‘ఆపవద్దు’ అని కాగితం అతికించి ఉంది. దుమ్ము తుడిచి కుంకుమ పెట్టాను.

జూన్ 11

పిల్లలు ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు. చెల్లెలు ఉష తన లెక్కల క్లాసు వదిలి వచ్చి చూసింది. దానికీ అంతుపట్టలేదు. తిరువళ్ళూరు రైలుకు పొద్దుపోతోందని వెళ్ళిపోయింది.

సుభాష్‌కు ఫోన్ చేశాను. పాపం, ఓపికగా చెప్పాడు. ఆ నల్ల పెట్టెను ప్రాక్సీ అంటారంట. పిల్లలు ఏదైనా అడిగితే ముందు తన దగ్గర ఉందేమో చూస్తుంది. లేకుంటే బయటికి పోయి తెస్తుంది, తెచ్చింది వాళ్ళకిచ్చి నకలు ఒకటి తన దగ్గర పెట్టుకుంటుంది. ఇంకెవరైనా అడిగితే మళ్ళీ బయటికి పోదు. బడికి ఉన్న లైను సన్నది కాబట్టి ఈ ఏర్పాటు. ఇప్పుడు ఆ నకళ్ళు పెట్టుకునే డిస్కు నిండిపోయింది.

నిండితే ఏం చేస్తుంది అని అడిగాను. ఎక్కువ రోజులుగా ఎవరూ అడగనిది ఏదో చూసి దాన్ని తీసేస్తుందంట. మంచిదా చెడ్డదా అని చూడదా అన్నాను. చూడదు మేడమ్, అడిగినారా లేదా అనేదే చూస్తుంది అన్నాడు.

ఈ మాట చాలాసేపు మనసులో తిరిగింది.

తప్పు ఎక్కడంటే, నకళ్ళకు ఇంత చోటు అని తను పెట్టిన హద్దు డిస్కు అంచుదాకా ఉందంట. పెట్టె తను చేసిన పనులన్నీ పక్కనే రాసుకుంటూ పోతుంది, ఆ రాతలు పెరిగి ఊపిరాడకుండా అయింది. కంప్యూటర్ల అప్‌డేట్లు ఒక్కొక్కటీ మూటంత ఉంటాయి, అవి కూర్చుని ఉన్నాయి. హద్దు తగ్గించడానికి ఏ వరుసలో ఏ సంఖ్య మార్చాలో చెప్పాడు. స్వామిని తలుచుకుని మార్చాను. పెట్టె మీద చిన్న దీపం సాయంత్రం దాకా ఆగకుండా మిణుకుతూనే ఉంది. పారేస్తోందంట. కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను.

జూన్ 12

అన్నీ వేగంగా తెరుచుకుంటున్నాయి. ఏం పారేసిందో తెలుసుకోవాలని ఉంది.

జూన్ 14

తమ్ముడు మహేంద్ర వచ్చాడు. జులైలో మొదలయ్యే ఆడి నెలలో మా అత్తిమంజేరిపేట ద్రౌపదమ్మ గుళ్ళో భారతం ఆడతారు. ఈ ఏడు అర్జునుడి వేషం వాడిది, శివుడి కోసం అర్జునుడు తపస్సు చేసే ఎత్తైన మాను ఎక్కేది వాడు. ఆట నేర్పే వాసుదేవ వాద్యారు పోయిన వానల్లో కన్నుమూసే ముందు వాడి చెయ్యి పట్టుకుని, నువ్వే ఎక్కాలని చెప్పాడు. ఇన్నేళ్ళూ భటుడి వేషం, ద్వారపాలకుడి వేషం వేసినవాడు. తమ్ముడి ముఖం చూస్తే చిన్నప్పుడు కొత్త చొక్కా వేసుకున్నప్పటిలా ఉంది.

మానుకు కొట్టిన మెట్టుమెట్టుకూ ఒక పాట ఉంది. పాట పూర్తయితేనే పై మెట్టు మీద కాలు పెట్టాలి. వాద్యారు ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. ఎన్నడో ఒక పరిశోధన విద్యార్థి వచ్చి ఆయన చేత పాడించి రికార్డు చేసుకుని, ఒక సైట్లో మెట్టుకొక పాటగా పెట్టాడు. అది ఇప్పుడు పనికొచ్చింది. మహేంద్ర ఫోన్లో తెరిస్తే ఏవో ప్రకటనలే వస్తున్నాయంట. ఊళ్ళో సిగ్నల్ అట్లాంటిది. మా బడి కంప్యూటర్లో చక్కగా వస్తుంది.

రోజూ బడి వదిలాక వచ్చి నేర్చుకోమన్నాను.

జూన్ 18

వస్తున్నాడు. రోజూ మొదటి మెట్టు పాటతోనే మొదలుపెడతాడు. అది వినాయకుడి పాట. దాన్ని దాటి మధ్యలో అందుకోకూడదంటాడు. నేనూ సరే అన్నాను, అదే పద్ధతి. వచ్చిన పాటలన్నీ మళ్ళీ విని, పాడి, కొత్త పాటకు వచ్చేసరికి పళ్ళిపట్టు బస్సు వేళవుతుంది.

గొంతు బాగుంది. నాన్న గొంతు కాదు, ఎవరిదో.

జూన్ 27

ఈ రోజు మహేంద్ర నడిమి మెట్ల దగ్గరికి వచ్చాడు. నిన్న విన్న పాట మరొకసారి విని, దాని పై మెట్టు పాట నొక్కాడు. పాట రాలేదు. ఇంగ్లీషులో ఒక పేజీ వచ్చింది, ఈ సైటు పేరు అమ్మకానికి ఉంది అని.

“పెద్దక్కా, నా ఫోన్లో వచ్చే దరిద్రమే ఈడా వస్తా ఉండాది,” అన్నాడు.

మళ్ళీ తెమ్మని చెప్పే గుండ్రటి బాణం గుర్తు ఉంటుంది కదా, అది నొక్కాను. అదే పేజీ. గుర్తు పని చేస్తోందో లేదో చూద్దామని, అప్పుడే విన్న పాట దగ్గరికి వెళ్ళి అక్కడ కూడా నొక్కాను. ఆ పాట కూడా పోయింది. దాని చోట అదే అమ్మకం పేజీ.

మహేంద్ర నా వైపు చూశాడు. సోమవారం సరిచేయిస్తానులే అన్నాను.

జూన్ 28

సోమవారం సరిచేయిస్తాను.

జూన్ 29

కొండకు వెళ్ళాను. జనం ఎక్కువ. దర్శనం వరుసలో నిలబడి, అడిగినవే నిలుస్తాయి అనే సంగతి ఆలోచిస్తూ ఉన్నాను. ఎవరో వెనక నుంచి నడవమన్నారు. సన్నిధిలో ఏం అడిగానో గుర్తు లేదు.

నేను మార్చింది ఒక సంఖ్య మాత్రమే.

జూన్ 30

సుభాష్ చెప్పాడు. ఆ సైటు పోయి చాలా నెలలయిందంట. పెట్టినవాడు ఏడాదికోసారి కట్టవలసింది కట్టలేదు, పేరు ఎవరి చేతిలోనో పడింది. మనం ఇన్నాళ్ళూ విన్నది సైటు కాదు, నల్ల పెట్టెలో ఉన్న నకళ్ళు. ఇప్పటి సైట్లు తాళం వేసుకుని వస్తాయి, వాటి నకలు పెట్టె తీయలేదు. ఇది పాతకాలపు సైటు, అందుకని తీసుకుంది. పాత పాటలు మారేవి కావు, మాటిమాటికీ బయటికి పోవద్దు అని తనే చెప్పిపెట్టాడంట. అందుకే ఎవరికీ తెలియలేదు.

గుండ్రటి గుర్తు నొక్కితే, నీ దగ్గరున్నది వద్దు, బయటికి పోయి తాజాది తే అని అర్థమంట. పోయింది. అక్కడ వాద్యారు లేడు, అమ్మకం కాగితం ఉంది. దాన్నే తెచ్చి పాట ఉన్న చోట పెట్టుకుంది.

తక్కిన నడిమి పాటలు ఏమైనాయి అని అడిగాను. “చోటు తగ్గించినాము గదా మేడమ్. కొత్తవి వచ్చేకొద్దీ ఎవురూ అడగనివి పోతా వచ్చింటాయి. ఆ నెంబరు చెప్పింది నేనే, మీరు మనసులో పెట్టుకోవద్దండి,” అన్నాడు.

మహేంద్ర రోజూ వినాయకుడి దగ్గర మొదలుపెట్టాడు. కింది మెట్లు అడిగాడు కాబట్టి అవి నిలిచాయి.

అయితే పై మెట్లు కూడా పోయి ఉండాలి. ఆ గుర్తు జోలికి పోకుండా చివరి పాట తెరిచాను. వాద్యారు పాడాడు. దాని కింది మెట్టు తెరిచాను. పాడాడు. ఇంకొకటి కూడా. నడిమికి వచ్చేసరికి అన్నీ అమ్మకం పేజీలే. పోయినవి నడిమివి మాత్రమే. సుభాష్‌ను అడిగితే, ఎవరో అడుగుతా ఉండాలి మేడమ్, లేకుంటే ఉండవు అన్నాడు.

ఎవరు?

జులై 1

మధ్యాహ్నం భోజనాల వేళ కంప్యూటర్ గది తలుపు తీసే ఉంటుంది. నేనెప్పుడూ ఆ వేళకు లైబ్రరీలో ఉంటాను. ఈ రోజు వచ్చి చూశాను. ఆఖరి వరుసలో ఉష. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పక్కన పరీక్ష పేపర్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

పక్కన కూర్చున్నాను. తీసి నా చెవికి పెట్టింది. చివరి మెట్టు పాట.

పెళ్ళయిన కొత్తలో మూడేళ్ళు వరసగా తడిబట్టలతో ఆ మాను కింద పడుకుంది ఉష. బిడ్డలు కావాలనుకునేవాళ్ళు అట్లా పడుకుంటారు. అర్జునుడు పైనుంచి నిమ్మకాయలు విసిరితే కొంగులో పడాలని. తువ్వాలు పట్టుకుని నేను పక్కన నిలబడేదాన్ని. తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఉషకు ఇప్పుడు నలభై ఎనిమిది.

ఎందుకు వింటావు అని నేను అడగలేదు. అదే చెప్పింది.

“మూడేండ్లు ఆ పాట కింద పడుకున్నా గాని ఒక్కసారన్నా విన్లేదక్కా. నిమ్మకాయ యాడ పడతాదా అనే చూస్తా ఉంటిని. ఏముండాదో విందామని పోయినేడు తెరిస్తిని. బిడ్డ మాటే లేదు అందులో. అర్జునుడు శివుణ్ణి అడిగేది బాణం. మనం వాడి కింద పడుకొని ఇంకేందో అడగతా ఉంటిమి.”

నవ్వింది. నేను కూడా నవ్వాను. తర్వాత మిగిలిన పాటలన్నీ ఒక్కొక్కటే తెరిచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాము. ఉష నా చెయ్యి గుండ్రటి గుర్తు వైపు పోనివ్వలేదు.

జులై 2

మహేంద్రకు చెప్పాను. అంతా చెప్పాను, సంఖ్య సంగతీ, గుర్తు సంగతీ.

కోప్పడితే బాగుండేది. “సరిలే పెద్దక్కా. కిందిదీ ఉండాది, పైదీ ఉండాది. నడిమిట్ల ఎగిరి దూకాల,” అన్నాడు. బస్సుకు వెళ్ళిపోయాడు. టిఫిన్ తినలేదు.

జులై 6

ఊరికి వెళ్ళాను. ఆ పరిశోధన విద్యార్థి నంబరు వాద్యారు కొడుకు దగ్గర ఉంది కానీ అది మోగడం లేదు.

తణికాచలం మామ ఇంటికి వెళ్ళాము. భారతం పెద్ద ఆయనే, హార్మోనియం ఆయనదే. మహేంద్ర నా వెనకే నిలబడ్డాడు. విషయం విని మామ మొదట అన్నది, పాట లేని మెట్టు మీద కాలు పెట్టకూడదు అని. చిత్తూరు వైపు ఒక మేళం ఉందంట, డబ్బులిస్తే తపస్సు నాటికి వాళ్ళవాడే వచ్చి పాడి ఎక్కి దిగి పోతాడంట. ఉత్సవం మొదలుకు జెండా ఎత్తే నాటికి మహేంద్రకు పాటలన్నీ రాకుంటే వాళ్ళకు కబురు పెడతానన్నాడు. ఆయన తప్పు లేదు. ఊరంతా అడిగేది ఆయన్నే.

దారిలో మహేంద్ర అన్నాడు, ఒకసారి మేళం వాళ్ళ చేతికి పోతే ఇంక మన ఊరివాడు ఎక్కేది ఉండదు అని. తన పేరు చెప్పలేదు.

జులై 8

మొదట మామను ఈ ఒక్క పనికి ఒప్పించాను. వాద్యారు పక్కన ఇన్నేళ్ళు హార్మోనియం వాయించాడు కదా, బాణీలు వేళ్ళకు తెలిసి ఉండాలి. మామను వాయించమన్నాను. వేళ్ళు నడిమి మెట్ల దగ్గర వాటికవే పోయాయి. మాటలు లేవు, బాణీ ఉంది. మామకే ఆశ్చర్యం.

ఆ బాణీని మహేంద్ర ఫోన్లో పట్టుకున్నాము. దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ అడగాలి.

జులై 12

సెలవు పెట్టి ఊళ్ళోనే ఉన్నాను. ఉష కూడా వచ్చింది.

ఎవరి దగ్గరా పాట మొత్తం లేదు. రంగనాయకమ్మ పెద్దమ్మకు శివుడు ఎరుకలవాడి వేషంలో వచ్చే చోట రెండు వరసలు వచ్చు, అక్కడ పంది మీద ఏదో ఎకసక్కెం ఉందంట, అందుకని. వెంకటముని మామకు కొండ వర్ణన వచ్చు. ఆయన ఆ మాటలు దుక్కిలో పాడుకునేవాడు. కృష్ణమ్మ అత్తకు చలి పాట వచ్చు. ఆమె తడిబట్టలతో పడుకున్న ఏడాది వాన పట్టి చలి బాగా ఉండిందంట. ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. కృష్ణమ్మ అత్త, వెంకటముని మామ ఒక మాట మీద గట్టిగా వాదించుకున్నారు, కాఫీ చల్లారిపోయింది. మహేంద్ర రెండు రకాలూ పాడి చూపించాడు. అప్పుడు ఇద్దరూ తప్పన్నారు.

ఎవరికి ఏది కావలసి వచ్చిందో అది వాళ్ళ దగ్గర ఉంది. అడుగుతూ ఉంటే వస్తోంది.

జులై 14

నేను పోగొట్టిన పాట మహేంద్రకు సగం పైగా వచ్చేసి ఉంది. మిగిలింది వెంకటముని మామ అందించాడు. అన్నీ అతుక్కున్నాయి, ఒక్కటి తప్ప. దానికి తణికాచలం మామ వేళ్ళు కూడా కదలలేదు. ఆ మెట్టు దగ్గర వాద్యారు హార్మోనియం ఆపమనేవాడంట, ఒట్టి గొంతుతో పాడేవాడంట. ఏం పాడేవాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అందరూ ఆ వేళకు మజ్జిగ తాగడానికి లేచేవాళ్ళంట.

జులై 15

జెండా ఎత్తేది ఎల్లుండి. మామ మేళం వాళ్ళ నంబరు తీసి పెట్టుకున్నాడు.

ఈ సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. ఆ ఒక్క మెట్టు మీద మహేంద్రను ఊరకే నిలబడనీయమన్నాను.

“ఏమ్మా, నువ్వు తెలిసినదానివి, ఇట్ల మాట్లాడేది ఏమి? మాను మీద ఊరకే నిలబడితే పాట మరిచినాడంటారు. నవ్వతారు. ఆడపిల్లోళ్ళు కింద వరానికి పడుకోని ఉంటారు, వాళ్ళ మనసులు ఏమైతాయి?”

“అర్జునుడు ఆడికి పాడేదానికి పోయినాడా మామా, తపస్సు చేసేదానికి పోయినాడా?”

మామ హార్మోనియం మీద గుడ్డ కప్పాడు. తీశాడు. మళ్ళీ కప్పాడు.

“నువ్వు మాట్లాడేదే తక్కువ. మాట్లాడితే మనిషిని ఇరికిచ్చేస్తావు,” అన్నాడు. మహేంద్రను పిలిచి, ఎంతసేపు నిలబడతావురా అని అడిగాడు.

వాడు కొంచెం ఆలోచించాడు. “తెలీదు మామా. ఆడ నిలబడితే తెలస్తాది,” అన్నాడు.

మామ నంబరు కాగితాన్ని చించలేదు. మడిచి పంచె మడతలో పెట్టుకున్నాడు. కానీ ఫోన్ చేయలేదు.

జులై 17

జెండా ఎత్తారు. మహేంద్ర చేతికి కంకణం కట్టారు. ఇంక వాడు ఇంటికి రాడు, గుళ్ళోనే పడక.

జులై 27

మహేంద్ర ఎక్కాడు.

ఎండ బాగా ఉంది. మాను కింద తడిబట్టలతో ఆడవాళ్ళు, పెళ్ళయి ఎక్కువ కాలం కాని పిల్లలు. ఉష వాళ్ళకు కొంచెం వెనక, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. నేను దాని పక్కన. ఎటు చూసినా ఎత్తిపట్టుకున్న ఫోన్లు, పైకి చూస్తే వాటి మధ్య నుంచి చూడాలి.

వినాయకుడి పాట. కింది మెట్లు. ఆ పాటల్లో వాడికి భయం లేదు. నడిమి మెట్ల దగ్గర గొంతు ఒకచోట తడబడింది, రంగనాయకమ్మ పెద్దమ్మ వరస అది, పందిని పాడుతుంటే జనం నవ్వారు. పెద్దమ్మ అటూ ఇటూ చూసుకుంది. చలి పాటలో కృష్ణమ్మ అత్త చెప్పిన మాటే పాడాడు. వెంకటముని మామ తల అడ్డంగా ఊపాడు.

తర్వాత ఆ మెట్టు. తణికాచలం మామ హార్మోనియం మీద నుంచి చేతులు తీసేశాడు. మహేంద్ర ఒక కాలి మీద నిలబడి, రెండు చేతులూ తల మీదికి జోడించాడు. నిలబడ్డాడు.

పక్కన ఒకాయన, మరిచినట్టుండాడే అన్నాడు. ఇంకెవరో ఉష్ అన్నారు. వెనక బజ్జీల బండి వాడు గరిటె కొట్టడం ఆపాడు. కింద పడుకున్న ఒక పిల్ల తల ఎత్తి చూసింది. నేను స్వామిని తలుచుకోవాలనుకున్నాను, కానీ వాడి కాలి పిక్క వణకడం చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. ఒక కాకి వచ్చి మాను కొన మీద వాలింది, లేచింది.

మహేంద్ర కాలు మార్చి పై మెట్టు మీద పెట్టాడు. హార్మోనియం అందుకుంది. నేను ఉష భుజం పట్టుకున్నాను.

పై మెట్ల పాటలు ఉష పెదవులు కదుపుతూ వాడితో పాటే పాడింది. చివరిదానికి కళ్ళు మూసుకుంది. నిమ్మకాయలు విసిరినప్పుడు కూడా తెరవలేదు.

జులై 29

బడికి వచ్చాను. ఈసారి పోకూడదు కదా, అందుకని తపస్సు పాటలన్నీ ఒకచోట పెట్టాలని ఊళ్ళో వీడియో తీసినవాళ్ళందరినీ పంపమన్నాను. వచ్చాయి. అన్నీ చూస్తే డిస్కు మళ్ళీ నిండేటట్టుంది. సుభాష్‌ను అడిగితే వీటిని ప్రాక్సీ పెట్టెలో కాదు, వేరే డిస్కు కొని పెట్టుకోమన్నాడు.

మధ్యాహ్నం ఉష, నేను కూర్చుని అన్నీ చూశాము. కొన్నింటిలో ఎండ, కొన్నింటిలో ఎవరిదో తల, ఒకదాంట్లో మొత్తం బజ్జీల బండి చప్పుడు. పాటలు మాత్రం ఉన్నాయి. చలి పాట దాదాపు అందరి దగ్గరా ఉంది.

తణికాచలం మామ ఫోన్ చేశాడు. పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చి, ఆ మెట్టు మీద అర్జునుడు ఏం అడిగినాడు అని ఆయన్ను అడుగుతున్నారంట. ఏం చెప్పేది అన్నాడు. వచ్చే ఏడు కూడా అట్లనే నిలబడమని చెప్పు వాడికి, అని పెట్టేశాడు.

వాడు నిలబడిన ఆ చోటు నాకూ మళ్ళీ చూడాలనిపించింది. ఒక్కొక్కటే మళ్ళీ తెరిచాము. చలి పాట అయిపోతుంది, మహేంద్ర చేతులు జోడిస్తాడు, అక్కడ వీడియో కిందికి వంగి నేల కనిపించి ఆగిపోతుంది. వాళ్ళదే తర్వాతి ముక్క పై మెట్టు మీద మొదలవుతుంది. ఇంకొకరిది తెరిచాము. అదీ అంతే. అందరివీ అంతే.

వాడు నిలబడినంతసేపూ ఒక్కరూ ఫోన్ ఎత్తిపట్టుకోలేదు.